కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉంటే కంపెనీకి ఇక బాధ్యత ఉండదా?

ఉంటుంది, ఆ అనుమతి ఫ్యాక్టరీ నడుపుకోవడానికే గానీ, జరిగిన నష్టానికి మాఫీ పత్రం కాదు. ప్రమాదకర రసాయనాలతో లాభపడేవాళ్లే వాటి ముప్పునూ మోయాలని ఢిల్లీలో ఓ ఫ్యాక్టరీ నుంచి ఓలియం అనే ఆమ్లపు విషవాయువు లీకైన కేసులో 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. "జాగ్రత్తలన్నీ తీసుకున్నాం" అన్న వాదన అక్కడ చెల్లదు.

విశాఖ దగ్గర ఎల్జీ పాలిమర్స్‌లో 2020 మే 7 తెల్లవారుజామున ట్యాంకులోని స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) వేడెక్కి, ఆవిరై ఆర్.ఆర్. వెంకటాపురం గ్రామం మీదికి పాకింది. మర్నాడే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని రూ.50 కోట్లు జమ చేయమంది. లాక్‌డౌన్‌లో ఆగివున్న ట్యాంకును చల్లగా ఉంచడానికి అయ్యే ఖర్చు దీని ముందు ఏపాటి?

జరిమానా కట్టేస్తే సరిపోతుందన్నది చాలామంది పొరపాటు. జరిమానా వేరు, బాధితుల పరిహారం వేరు, మట్టినీ నీటినీ బాగుచేసే ఖర్చు వేరు. పెట్టుబడి లెక్క వేసేటప్పుడు ఈ మూడూ చూసుకోవాలి.