బఫెలో జంట గోపురాల వెనుక ఖాళీ వార్డులు

ప్రశ్న: మేము కొన్నేళ్లుగా అమెరికాలోని బఫెలో నగరంలో ఉంటున్నాము. మా ఇంటికి దగ్గరలో రెండు ఎత్తైన గోపురాలతో ఎర్రరాతి భవనం ఒకటి ఉంది. మొన్న వచ్చిన మా అమ్మకు అది పాత పిచ్చాసుపత్రి అని చెబితే ఆ వైపు నడకకు రావడమే మానేసింది. మధ్యభాగంలో హోటల్ నడుస్తోంది, పడమటి కట్టడాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. వాటిని కూల్చేస్తారా?
– ఒక పాఠకురాలు, బఫెలో

జవాబు: ఆ పడమటి కట్టడాలు ఒకప్పటి స్త్రీల వార్డులు. వాటి గతి ఏమిటో ఇంకా తేలలేదు. 1880లో తెరిచిన ఈ ఆసుపత్రికి వాస్తుశిల్పి హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్, తోటలు తీర్చిదిద్దినవారు ఓమ్‌స్టెడ్, వాక్స్. వార్డులు ఒకదాని వెనుక ఒకటి పక్కకు జరుగుతూ, ఎగిరే కొంగల బారులా ఉండటం మీరు గమనించే ఉంటారు. ప్రతి గదికీ గాలీ వెలుతురూ అందితే రోగి మనసు కుదుటపడుతుందని నమ్మిన డాక్టర్ కర్క్‌బ్రైడ్ పద్ధతి అది. అమ్మగారికి ఈ సంగతి తప్పక చెప్పండి. ఆ గోడలు లేచింది భయపెట్టడానికి కాదు.

తూర్పు కొసన ఉన్న మూడు వార్డులను ఎప్పుడో పడగొట్టారు. 1974 నాటికి రోగులందరినీ కొత్త భవనానికి తరలించాక పాతవి దశాబ్దాల పాటు ఆలనాపాలనా లేక చివికిపోయాయి. 1986లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది కానీ, గుర్తింపు కారుతున్న పైకప్పును ఆపలేదు కదా. ప్రభుత్వ నిధులతో మరమ్మతులు జరిగి 2017లో మధ్యభాగంలో హోటల్ తెరిచారు. రోగుల చిన్న గదులను కలిపి అతిథి గదులుగా మార్చి, వెడల్పాటి నడవాలను అలాగే ఉంచారు. అది 2021లో మూతపడి, 2023లో వేరే పేరుతో మళ్లీ మొదలైంది. ఇంత పెద్ద ఆవరణను ఒక్క వ్యాపారం మీద నిలబెట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇలాంటివి కూల్చేయడమూ జరగనిదేమీ కాదు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని పార్సిప్పనీ దగ్గర, 1876 నాటి గ్రేస్టోన్ మానసిక ఆసుపత్రి ప్రధాన భవనాన్ని, స్థానికులు ఎంత మొత్తుకున్నా వినకుండా 2015లో నేలమట్టం చేశారు.

నా అభిప్రాయం అడిగితే, బఫెలోలోని ఆ ఖాళీ వార్డులను ఎవరికి, దేనికి ఇవ్వాలన్న చర్చ తెమిలేదాకా ఆగకుండా ముందు పైకప్పులు బాగుచేసి నీరు దిగకుండా చూడాలి. నివాసాలో, కార్యాలయాలో తరువాత రావచ్చు. ఒక్క వార్డునైనా అక్కడ బతికిన స్త్రీల గుర్తుగా ఉన్నదున్నట్టుగా ఉంచాలని నా కోరిక. బఫెలో ఉన్న న్యూయార్క్ రాష్ట్రంలోనే 1995లో విల్లార్డ్ మానసిక ఆసుపత్రి మూతపడినప్పుడు అటక మీద రోగుల పెట్టెలు సుమారు 400 దొరికాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న బట్టలు, ఫొటోలు, ఉత్తరాలు వాటిలో అలాగే ఉన్నాయి.