గుర్రాల పుస్తకాలే కావాలనే పిల్లకు ఏమివ్వాలి?

"మా అమ్మాయి రెండో తరగతి. గుర్రాల పుస్తకాలు తప్ప ఇంకేవీ ముట్టుకోవడం లేదు. ఏం కొనమంటారు?" వర్జీనియాలో కొత్తగా దిగిన తల్లిదండ్రులు తరచుగా అడిగే సందేహమిది. ముందు ఏమీ కొనకండి. ఇంటి అద్దె ఒప్పందమో, చిరునామా ఉన్న బిల్లో చూపిస్తే ఊరి లైబ్రరీలో కార్డు ఉచితంగా ఇస్తారు. పిల్ల పేరిట వేరే కార్డు తీయండి. గుర్రాల కథలెక్కడ అని పిల్లల విభాగంలో అడిగితే లైబ్రేరియనే అల్మరా దాకా తీసుకెళతారు. మొహమాటం మనదే, వాళ్లకది రోజూ చేసే పని.

అక్కడ వరుస నంబర్లు వేసిన, తళుకులద్దిన గులాబీ అట్టల పుస్తకాలు ముందుగా కంటబడతాయి. వాటిని వద్దనక్కర్లేదు గానీ, ఒకటి చదివితే చాలావరకు మిగతావీ చదివినట్టే. నేనైతే అట్టమీద రాసిన వయసు పట్టించుకోను. కథలో గుర్రానికి ఆకలి వేస్తుందా, ఎవరైనా లద్దె ఎత్తి డెక్కలు శుభ్రం చేస్తున్నారా, జీను వదులుగా బిగిస్తే ఏమవుతుందో ఉందా అని చూస్తాను. పోనీ అంటే గుర్రప్పిల్ల కాదు, ఎదిగినా పొట్టిగానే ఉండే గుర్రం. ఈ తేడా తెలియని రచయిత లాయం గుమ్మం తొక్కలేదన్నమాట.

అయిదారేళ్ల పిల్లలకు సి. డబ్ల్యు. ఆండర్సన్ 1936లో మొదలుపెట్టిన బిల్లీ, బ్లేజ్ కథలు చాలు. పేజీకి కాసిని వాక్యాలు, ఎదురుగా పెన్సిల్‌తో వేసిన చక్కని బొమ్మ. మన యాసలో చదివి వినిపించినా ఇబ్బంది లేదు.

ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక నా ఓటు మార్గరెట్ హెన్రీ 1947లో రాసిన 'మిస్టీ ఆఫ్ చింకోటీగ్'కే. అది మన వర్జీనియాలోని చింకోటీగ్ దీవి కథ. అన్నాచెల్లెళ్లిద్దరు ఒక పోనీని కొనుక్కోవడానికి పనులు చేసి డబ్బు కూడబెడతారు. అడగ్గానే అన్నీ ఇంటికొచ్చే రోజుల్లో పిల్లలు ఆ భాగం ఎంత శ్రద్ధగా చదువుతారో చూడండి. మిస్టీ నిజంగా బతికిన పోనీయే. కథలో అడవి దీవిలో పుడుతుంది, అసలు పుట్టింది మాత్రం చింకోటీగ్‌లోని ఒక పశుశాలలో, 1946లో. అదే రచయిత్రి 'కింగ్ ఆఫ్ ద విండ్'కు 1949లో అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ పతకం వచ్చింది. మొరాకో నుంచి ఫ్రాన్స్ మీదుగా ఇంగ్లండు చేరిన గుర్రం, దాని వెంట మాటరాని కుర్రవాడు. పక్కన ప్రపంచపటం పెట్టి చదివించండి, "ఒకే రకం చదువుతోంది" అన్న మీ దిగులు సగం తీరుతుంది.

ఇక 'బ్లాక్ బ్యూటీ'. అందరూ బహుమతిగా ఇచ్చేది అదే, చదివి ఇచ్చేవారు తక్కువ. నడవడం కష్టమై గుర్రపు బండి మీదే ఆధారపడ్డ ఆనా స్యూయెల్, గుర్రాలతో పనిచేసేవారి మనసు మార్చాలని రాసిన పుస్తకమది. 1877లో అచ్చయింది, కొన్ని నెలలకే ఆవిడ పోయారు. బండికి ఠీవి రావాలని గుర్రం తలను పట్టీతో పైకి లాగి కట్టే క్రూరత్వం, జింజర్ అనే గుర్రం చావు అందులో ఉన్నాయి. పదేళ్లు దాటాక, మీరూ పక్కన కూర్చుని చదవండి. పలచగా ఉంది కదా అని అమెరికన్ నవలాకారుడు స్టైన్‌బెక్ 'ద రెడ్ పోనీ' మాత్రం చిన్నపిల్లల చేతికివ్వకండి. అందులో పోనీ చచ్చిపోతుంది, రాబందులు వాలతాయి. అది పెద్దవాళ్ల పుస్తకం.

నాలుగు పుస్తకాలయ్యాక స్వారీ నేర్పించమని అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నారు, ఇక్కడ ఆ దాణా ఖర్చంతా పాఠాల ఫీజులోనే కలిసొస్తుంది. దానికి ముందు, ఉత్తర వర్జీనియా నుంచి కారులో నాలుగు గంటలు పోతే చింకోటీగ్ వస్తుంది. సాధారణంగా జులై చివరి బుధవారం పోనీలను పక్క దీవి నుంచి ఈదించి తెచ్చి, మర్నాడు వాటి పిల్లలను వేలం వేస్తారు. ఆ డబ్బు ఊరి అగ్నిమాపక దళానికి వెళుతుంది. ఆ వారం జనం విరగబడతారు, గది దొరకడం కష్టం. వేరే నెలలో వెళ్లినా పోనీలు కనిపిస్తాయి. వాటి దగ్గరికి పోవడం, తినిపించడం నిషేధం, పిల్లకు ముందే చెప్పండి. వేసవిలో అయితే దోమల మందు తప్పకుండా పట్టుకెళ్లండి.