కృష్ణానగర్‌లో ఆరేళ్లు గడిచాక, తిరిగి ఉద్యోగానికి వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 31 సంవత్సరాలు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. బీటెక్ తర్వాత హైదరాబాద్‌లో రెండున్నరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసి, 2019 చివర్లో మానేసి, సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌కు మారి, సినిమాల్లో సహాయ దర్శకుడిగా చేరాను. ఇప్పటికి మూడు సినిమాలకు, ఒక వెబ్ సిరీస్‌కు పనిచేశాను. వాటిలో ఒక సినిమా విడుదల కాలేదు, నాకు రావలసిన డబ్బు సగం ఆగిపోయింది. మరొకదానిలో నేను రాసిన సన్నివేశాలు ఉన్నా, టైటిల్స్‌లో రచన కింద నా పేరు వేయలేదు. నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నాను. నాతో చదివినవాళ్లు ఫ్లాట్లు కొనుక్కున్నారు. నాన్నగారికి ఆరోగ్యం బాగుండటం లేదు. తప్పు చేశానన్న ఆలోచనతో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. తిరిగి ఉద్యోగానికి వెళ్లిపోవడం మంచిదా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ముందు ఆపిన మాట ‘నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నాను’ అన్నది. షెడ్యూల్ నడుస్తుండగా, తెల్లవారుజామున ఐదింటికి లొకేషన్‌కు బయలుదేరే రోజుల్లో, ఈ ప్రశ్న రాసిన సహాయ దర్శకుడు నాకు ఇంతవరకు తారసపడలేదు. అందరూ ఖాళీ నెలల్లోనే రాస్తారు. అందువల్ల మీ బాధ అబద్ధమని నేను అనడం లేదు. అయితే అందులో ఆరేళ్ల కిందటి నిర్ణయానికి చెందినదెంత, ఈ నెల అద్దెకు చెందినదెంత అన్నది విడదీయకుండా మీరు ఏ నిర్ణయం తీసుకున్నా, అది మీ కోసం మీ బ్యాంకు ఖాతా తీసుకున్న నిర్ణయమే అవుతుంది.

అభద్రత సంగతి మొదట చూద్దాం. మీరు పరిశ్రమలోకి వచ్చిన కొద్ది నెలలకే, 2020 మార్చిలో, కరోనా కారణంగా చిత్రీకరణలు ఆగిపోయాయి. 2022 ఆగస్టులో నిర్మాతలే షూటింగులు నిలిపివేశారు. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం సినీ కార్మిక సంఘాల ఫెడరేషన్ పిలుపుతో కార్మికులు రెండు వారాలకు పైగా పనిలోకి వెళ్లలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ మీ ప్రతిభతో గాని, శ్రమతో గాని సంబంధం లేదు. ఈ వృత్తిలో పని నెలజీతంలా రాదు, సినిమా సినిమాకూ తెగిపోతుంది. ఒక చిత్రం షూటింగ్ ముగిసి గుమ్మడికాయ కొట్టిన రోజునే దానికి పనిచేసిన చాలామంది నిరుద్యోగులవుతారు. ఇది మీ ఒక్కరి వైఫల్యంగా మీకు కనిపించడానికి కారణం, పక్క గదిలో ఉన్నవారు కూడా ఖాళీగా ఉండి, ‘ఏదో డిస్కషన్స్ జరుగుతున్నాయి’ అని చెబుతూ ఉండటమే.

పశ్చాత్తాపం సంగతి దీనికంటే చిక్కైనది. ‘ఆ ఉద్యోగంలోనే ఉండి ఉంటే’ అని మీరు తలుచుకునే ప్రతిసారీ మీ మనసు ఒక మనిషిని సృష్టిస్తోంది. ఆ మనిషికి ఏటా జీతం పెరిగింది, గచ్చిబౌలి దాటాక ఎక్కడో ఫ్లాట్ ఉంది, ఆయన ఎన్నడూ ఉద్యోగం పోగొట్టుకోలేదు, ‘సినిమాల్లోకి వెళ్లి ఉంటే’ అని ఒక్క రాత్రి కూడా బాధపడలేదు. అటువంటి మనిషి లేడు. 2025 జులైలో దేశంలోనే అతిపెద్ద ఐటీ సంస్థ అయిన టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను, తగ్గించుకుంటానని ప్రకటించింది. మీ మిత్రుల ఫ్లాట్లు మీకు తెలుసు, వాటి మీద ఉన్న ఇరవై ఏళ్ల వాయిదాలు వాళ్లకు మాత్రమే తెలుసు. ఈ మాట వాళ్లను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. మీ నిజ జీవితాన్ని ఒక ఊహాజీవితంతో పోల్చుకుంటే ప్రతిసారీ మీరే ఓడిపోతారని చెబుతున్నాను.

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990లలో పశ్చాత్తాపం మీద చేసిన పరిశోధనల్లో ఒక తేడాను గుర్తించారు. దగ్గరి కాలంలో మనుషులు చేసిన పనుల గురించి ఎక్కువ బాధపడతారు, జీవితం మొత్తాన్ని వెనక్కి తిరిగి చూసుకునేటప్పుడు చేయకుండా వదిలేసిన వాటి గురించి ఎక్కువ బాధపడతారు. మీరు ప్రయత్నించారు కనుక రెండో రకం బాధ మీకు కొంత తక్కువగానే ఉండవచ్చు. అలాగని ప్రయత్నాన్ని అంతులేకుండా సాగదీయడానికి దీన్ని సాకుగా వాడుకోకండి. ‘ఆరేళ్లు పెట్టాను కాబట్టి ఇప్పుడెలా వదలను’ అనే వాదన కూడా ‘ఆ ఉద్యోగంలోనే ఉండి ఉంటే’ అన్న ఆలోచనలాగే తప్పుదారి పట్టిస్తుంది. వెళ్లినా, ఉన్నా ఆ ఆరేళ్లు ఎటూ తిరిగి రావు.

కాబట్టి మీరు ఇక్కడి జీవితాన్ని 2019లో వదిలేసిన ఉద్యోగంతో పోల్చకూడదు, ఈ రోజు మీకు నిజంగా దొరికే ఉద్యోగంతో పోల్చాలి. అది ఏమిటో మీకు ఇంకా తెలియదు, ఎందుకంటే మీరు ఒక్క దరఖాస్తు కూడా పంపినట్లు ఉత్తరంలో లేదు. ఆరేళ్ల విరామం తర్వాత టెస్టింగ్‌లోకి వెళ్లాలంటే ఆటోమేషన్ పనిముట్లు కొత్తగా నేర్చుకోవలసి ఉంటుంది, చాలాచోట్ల మీకంటే చిన్నవాళ్ల కింద, మీరు ఊహించిన దానికంటే తక్కువ జీతానికి మొదలుపెట్టవలసి రావచ్చు. ఈ ఖాళీ నెలల్లోనే రోజుకు రెండు మూడు గంటలు కేటాయించి ఆ చదువు పూర్తి చేయండి, పది పదిహేను చోట్ల దరఖాస్తు పెట్టండి, ఇంటర్వ్యూలకు వెళ్లండి. చేతికి ఒక ఆఫర్ లెటర్ వచ్చాక, దానిలోని అంకెను, పని వేళలను చూసి అప్పుడు ఆలోచించండి. ఆ కాగితాన్ని చూడగానే కొందరికి ప్రాణం లేచి వస్తుంది, మరికొందరు దాన్ని మడిచి లోపల పెట్టి తిరిగి కథల దగ్గరకు వెళతారు. మీరు ఏ రకమో ఆ రోజు మీకే తెలుస్తుంది.

ఈ సందర్భంలో విజేతల కథలు చెప్పడం సలహాలు రాసే మా వృత్తిలో ఒక అలవాటు. కె. విశ్వనాథ్ గారు మద్రాసులోని వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పని మొదలుపెట్టారనీ, సుకుమార్ గారు సినిమాల్లోకి రాకముందు కాకినాడలో లెక్కల అధ్యాపకులనీ మీరు వందసార్లు వినే ఉంటారు. అవి నిజమే. కానీ అదే దారిలో వచ్చి పేరు బయటికి రాకుండా వెళ్లిపోయిన వారి జీవితాలు ఎవరూ చెప్పరు గనుక, ఆ రెండు కథలను మీ భవిష్యత్తుకు హామీగా తీసుకోకండి. వాటిలో మీకు పనికొచ్చేది మరొకటి ఉంది. ఇద్దరికీ చేతిలో అన్నం పెట్టే విద్య ఒకటి ఉండేది.

మీకూ అటువంటిది ఉంది, మీరు గుర్తించలేదని నా అభిప్రాయం. ఓటీటీ వేదికలకు ఇచ్చే ప్రతి చిత్రాన్నీ, సిరీస్‌నూ ముందుగా పరీక్షిస్తారు. చిత్రంలో మచ్చలు, ధ్వనిలో లోపాలు, సబ్‌టైటిళ్లు మాటలతో కలవకపోవడం వంటివన్నీ వెతికి నమోదు చేసే ఆ పనిని పరిశ్రమలో క్యూసీ అంటారు. టెస్టర్‌గా లోపాలు వెతకడం, సెట్‌లో కంటిన్యుటీ (ఒక షాట్‌కూ మరో షాట్‌కూ దుస్తులు, వస్తువుల వంటివి పొంతన తప్పకుండా) చూడటం, రెండూ తెలిసినవారు దీనికి చక్కగా సరిపోతారు. పోస్ట్ ప్రొడక్షన్ సమన్వయం, డబ్బింగ్ పర్యవేక్షణ, ప్రకటన చిత్రాలు, సంస్థల శిక్షణ వీడియోల నిర్మాణం కూడా ఇలాంటివే. దర్శకుడు కావాలనుకున్నవారికి ఇవి చిన్నవిగా కనిపించవచ్చు. నా దృష్టిలో మాత్రం ఖాళీ నెలల అద్దె కట్టే పని ఏదీ చిన్నది కాదు.

పరిశ్రమలోనే ఉండాలని నిశ్చయించుకుంటే ‘ఇంకో ఏడాది చూస్తాను’ అని మాత్రం అనుకోకండి, ఎందుకంటే ఆ ఏడాది ప్రతి ఏడాదీ వస్తుంది. దానికి బదులు ఒక తేదీ పెట్టుకుని, ఆ తేదీన ఇంట్లో ఒకరి ఎదుట కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఇంతకుముందు పనిచేసినవారు నన్ను మళ్లీ పిలిచారా, నా బాధ్యత అసిస్టెంట్ నుంచి అసోసియేట్ వైపు కదిలిందా, నా సొంత స్క్రిప్టు చివరి పేజీ వరకు పూర్తయిందా? అవకాశం వచ్చిందా లేదా అని అడగవద్దు, అది మీ చేతిలో లేదు. మూడింటికీ ‘లేదు’ అన్న జవాబు వస్తే బయటికి రావడమే మేలు, అందులో నామోషీ ఏమీ లేదు.

పేరు పడని సన్నివేశాల గురించి నేను చెప్పగలిగేది తక్కువే. ఆ సినిమా విషయంలో మీరు గెలవడం కష్టం. ఇకమీద మాత్రం రాసిన ప్రతిదీ తేదీతో ఈమెయిల్‌లో పంపండి, పనిలో చేరేటప్పుడే పారితోషికం, పేరు వేసే తీరు రాతపూర్వకంగా అడగండి. సినీ కార్మికులకు రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే కేంద్ర చట్టం చెప్పింది. మీ సొంత కథను కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించుకోవడం కూడా పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

నిద్ర విషయం మాత్రం తేలికగా తీసుకోకండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస తప్పితే అది కెరీర్ ప్రశ్న కాదు, వైద్యుడు చూడవలసిన ప్రశ్న. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవకు 14416 నంబరుతో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఖాళీ సాయంత్రాల్లో గదిలో మందు సీసా చుట్టూ జరిగే కథా చర్చలకు కొంతకాలం దూరంగా ఉండమని కూడా చెబుతాను. అక్కడ కథ కంటే ఎవరికి ఏ ఆఫీసులో అవకాశం వచ్చిందన్న లెక్కే ఎక్కువగా నడుస్తుంది.

నాన్నగారికి ఇంతవరకు మీరు సినిమాల పేర్లే చెప్పి ఉంటారు, పరిస్థితి చెప్పి ఉండరు. ఈసారి ఊరు వెళ్లినప్పుడు చేతిలో ఎంత ఉంది, ఎన్ని నెలలకు సరిపోతుంది, ఏ తేదీ పెట్టుకున్నారు అన్నవి కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఆయనకు ఆరోగ్య బీమా ఉందో లేదో, పాత ఉద్యోగంలోని మీ పీఎఫ్ ఖాతాలో ఎంత మిగిలి ఉందో వెళ్లేముందే చూసుకోండి. విడుదల కాని ఆ సినిమా బాకీ కోసం ప్రొడక్షన్ మేనేజరుకు ఈ వారంలోనే, ఫోనులో కాకుండా, మొత్తమెంతో, పనిచేసిన తేదీలేవో వివరిస్తూ ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే దాని ప్రతిని తీసుకుని మీ యూనియన్ కార్యాలయానికి వెళ్లండి.