నాయకులు కొట్టుకుంటే ఓటరు పార్టీకి ఇంకా అతుక్కుపోతాడా?

పైన నాయకుల మధ్య దూరం పెరిగేకొద్దీ కింద మామూలు జనానికి పార్టీ పిచ్చి ముదురుద్దా అని అడిగారు కదా, ముదురుద్ది, మా ఇంట్లోనే చూశా.

మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు పక్కన పల్లె. నాయన 1983 నుంచి సైకిలు, పెదనాయన హస్తం, 2014లో కాంగ్రెస్‌కి ఇక్కడ 175లో ఒక్క సీటూ రాలా, అప్పటికే ఈయన ఫ్యానుకి మారిపోయున్నాడు. ముందైతే ఓట్ల రోజు పొద్దున ఎడమొహం పెడమొహం, సాయంత్రానికి ఒకే అరుగు మీద టీ.

నాయన 2014-19 మధ్య వడ్లకి పుట్టి రేటు రాలేదని సొంత పార్టీనే తిట్టుకునే మనిషి. 2021 నవంబర్లో చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి అసెంబ్లీ నుంచి బయటికొచ్చాడే, ఆ రాత్రి నాయన కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయాడు. ఆరోజు నుంచి పుట్టి రేటు మాటే లేదు, పెదనాయన ఇంటికి పోవడం కూడా తగ్గించాడు, ఆ ఇంట్లో చానలు వేరు ఈ ఇంట్లో చానలు వేరు.

అసలు తమాషా 2024లో. ఆనం రామనారాయణరెడ్డి 2009లో మా దగ్గర కాంగ్రెస్ తరఫున గెలిచినప్పుడు నాయన ఆయనకి ఎదురు ఓటేశాడు, పెదనాయన ఆయన కోసం ఊరంతా తిరిగాడు. 2024లో ఆయనే సైకిలు గుర్తు మీద వచ్చేసరికి నాయన వేశాడు, పెదనాయన ఫ్యానుకేశాడు. ఇదేంది నాయనా అంటే మనిషిని కాదురా గుర్తుని చూడు అన్నాడు. జిల్లా మొత్తం అంతే, 2019లో పదికి పది ఫ్యాను, 2024లో పదికి పది సైకిలు (పాత జిల్లా లెక్క), మధ్యలో 2023 ఎమ్మెల్సీ ఓట్లప్పుడు వైసీపీ సస్పెండ్ చేసిన నలుగురు ఎమ్మెల్యేల్లో ముగ్గురు మా జిల్లావాళ్లే. నాయకులు గోడ దూకుతానే ఉంటారు, గోడకి ఈ పక్క ఒకడు ఆ పక్క ఒకడు మాత్రం మా నాయన, పెదనాయన.

అమెరికా మీద మార్క్ హెథరింగ్టన్ అనే రాజకీయ పరిశోధకుడు 2001లో ఒక పేపర్ రాశాడు, అక్కడ నాయకులు సిద్ధాంతాల్లో బాగా విడిపోయేసరికి జనానికి రెండు పార్టీల తేడా తెలిసొచ్చి అభిమానం గట్టిపడిందని. మా దగ్గర సిద్ధాంతం ఏడుందబ్బా, పథకాలు అటూ ఇటూ ఒకటే, పేర్లే తేడా. ఇక్కడ గట్టిపడింది కోపం, నా లెక్క అదే.

ఇది వార్తలు చూసేవాళ్లకే ఎక్కువ తగులుద్ది. మా అమ్మ సీరియల్ తప్ప ఇంకోటి పెట్టదు, ఎవురికి వేసిందో ఈరోజుకీ చెప్పలా, ఫ్యానుకే వేసుంటుందని నాయన అనుమానం.