మీరు 'అలౌ' అన్నారు, వాళ్లు దిగిపోయారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ: ఫోన్లో, కంప్యూటర్లో పిలవకుండా వచ్చి పడే నోటిఫికేషన్లు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు దాచి, ఈ పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ టీచర్, 71 ఏళ్లు. నెల రోజులుగా ఆయన ఫోన్లో గంటకోసారి 'మీ ఫోన్లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి' అని ఎర్ర గుర్తుతో వస్తోంది. మధ్యమధ్యలో లోన్లు, రమ్మీ, చెప్పుకోలేని బొమ్మలు. మనవరాలి ముందు ఫోన్ బయటికి తీయాలంటేనే సిగ్గుపడిపోతున్నారు. మొబైల్ షాపులో చూపిస్తే ఏదో యాంటీవైరస్ వేసి 300 తీసుకున్నాడు, రెండో రోజుకే మళ్లీ మొదలు. ఫోన్ మార్చేయాలా సార్?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫోన్ మార్చక్కర్లేదమ్మా. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది వైరస్ కూడా కాదు. అందుకే షాపతను వేసిన యాంటీవైరస్‌కి ఏమీ దొరకలేదు, లేని దొంగని ఎక్కడ పట్టుకుంటుంది పాపం. ఆ 300 మాత్రం పోయినట్టే.

అసలు జరిగింది ఇది. నాన్నగారు ఏ పంచాంగం కోసమో, నిన్న కరెంటు పోయి చూడలేకపోయిన సీరియల్ ఎపిసోడ్ కోసమో వెతికి ఉంటారు. ఏదో సైట్ తెరుచుకుని ఉంటుంది, అందులో ఒక రోబో బొమ్మ, గిరగిరా తిరిగే చక్రం, కింద 'మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి' అని రాసి ఉంటుంది. సరిగ్గా అప్పుడే పైన క్రోమ్ తన చిన్న పెట్టె చూపించి 'ఈ సైట్ మీకు నోటిఫికేషన్లు పంపాలనుకుంటోంది, అలౌ? బ్లాక్?' అని అడుగుతుంది. కింద ఉన్న పెద్ద అక్షరాలు సైటువాడివి, పైన ఉన్న చిన్న పెట్టె బ్రౌజర్‌ది. రెండూ ఒకదాని గురించే అనుకుని మనం అలౌ నొక్కేస్తాం. నిజంగా మనిషా, రోబోనా అని పరీక్షించే సైట్లు ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టమంటాయి, గడిలో టిక్ పెట్టమంటాయి, అంతేగానీ నోటిఫికేషన్లకు అలౌ నొక్కమని ఏనాడూ అడగవు.

నవ్వకండి, నేనూ నొక్కినవాణ్ణే. మా అక్క కూతురి ఇంటర్ ఫలితాల రోజు అసలు సైట్ తెరుచుకోక, సెర్చ్‌లో దాని కింద కనపడిన ఇంకో సైట్‌లోకి వెళ్లి, హాల్ టికెట్ నంబర్ కొట్టే తొందరలో అడిగినదానికల్లా ఊఁ అన్నాను. మార్కులు రాలేదు గానీ రెండు వారాలపాటు నాకు లాటరీలు తగులుతూనే ఉన్నాయి.

ఇప్పుడు పని. ఆ నోటిఫికేషన్ ఈసారి వచ్చినప్పుడు తెరవకండి, తోసెయ్యకండి, కాసేపు చూడండి. ఎర్ర డాలు బొమ్మ, వాట్సాప్ గుర్తు, పేరున్న యాంటీవైరస్ కంపెనీ లోగో, అవన్నీ పంపినవాడు తనకు నచ్చినట్టు పెట్టుకోగలడు. కానీ పైన సన్నటి అక్షరాల్లో క్రోమ్ అని, పక్కనే ఒక సైట్ పేరు ఉంటుంది చూడండి, ఆ ఒక్క లైను మాత్రం బ్రౌజర్ వేసేది, వాడు మార్చలేడు. దొంగ ఇంటి అడ్రస్ అన్నమాట. అద్దాలు పెట్టుకునైనా అది చదవమనండి నాన్నగారిని.

చదివాక క్రోమ్ తెరిచి, కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. అనుమతి ఇచ్చిన సైట్లన్నీ వరుసగా ఉంటాయి. ఒకటి ఉంటుందనుకుంటే పదిహేను కనపడినా కంగారుపడకండి, ఎందుకంటే ఈ సైట్లకు ఒక అలవాటు ఉంది: మనం బ్లాక్ అన్నామనుకోండి, పేరుకు ముందు ఒక అంకె మార్చిన ఇంకో అడ్రస్‌కి మనల్ని తోసి మళ్లీ అడుగుతాయి, బ్రౌజర్ లెక్కలో అది కొత్త సైటే కాబట్టి మళ్లీ పెట్టె వస్తుంది, విసుగెత్తి మనం ఎక్కడో ఒకచోట అలౌ అనేదాకా ఇదే ఆట. కాబట్టి తెలియని పేరు కనపడితే ఆలోచించకుండా బ్లాక్ చేసేయండి. ఆ పని అయ్యాక అదే పేజీలో పైనున్న నోటిఫికేషన్స్ స్విచ్ కూడా ఆఫ్ చేస్తే, ఇక ముందు ఏ సైటూ అసలు అడగదు. నాన్నగారి ఫోన్‌కి నేనైతే అదే చేస్తాను.

నోటిఫికేషన్ కింద 'క్లోజ్', 'అన్‌సబ్‌స్క్రైబ్' లాంటి బటన్లు కనపడితే? ఈ మధ్య ఆండ్రాయిడ్‌లో క్రోమే స్వయంగా అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ ఇస్తోంది, అది మంచిదే. కానీ పంపేవాడు కూడా తన బటన్ల మీద ఏ మాటైనా రాసుకోవచ్చు, క్లోజ్ అని రాసి నొక్కగానే తన సైట్‌కి లాక్కుపోవచ్చు. ఏది ఎవరిదో తేల్చుకునే తలనొప్పి మనకెందుకు, సెట్టింగ్స్ దారే పట్టండి.

ఇంకో మాట, ధైర్యం కోసం. అలౌ అన్నంత మాత్రాన వాళ్లకి ఫొటోలు, కాంటాక్టులు, బ్యాంకు యాప్ ఏవీ చేతికి రావు. తెర మీద చీటీ అతికించే హక్కు మాత్రమే వస్తుంది. ఆ చీటీని నమ్మి మనం నొక్కి, డబ్బు కట్టి, ఏదైనా యాప్ దించుకుంటేనే నష్టం.

ప్రశ్న: క్రోమ్ మూసేసినా, హిస్టరీ మొత్తం తుడిచేసినా వస్తూనే ఉన్నాయి. బ్రౌజర్ తెరవకుండా ఎలా వస్తాయి? దీన్ని ఎవరు కనిపెట్టారసలు?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మంచి ఉద్దేశంతోనే పెట్టారు బాబూ. 2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42తో ఈ సౌకర్యం వచ్చింది, ఈమెయిల్ వచ్చిందనో వికెట్ పడిందనో యాప్ లేకుండానే సైట్ మనకు చెప్పగలగాలని. నువ్వు అలౌ అన్నప్పుడు ఆ సైట్ నీ బ్రౌజర్లో సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి వదిలిపెడుతుంది. ఆండ్రాయిడ్‌లో సందేశం గూగుల్ సర్వర్ల మీదుగా వచ్చి దాన్ని తట్టి లేపుతుంది, క్రోమ్ తెరిచి ఉందా లేదా అన్నది దానికి అనవసరం. హిస్టరీ అంటే నువ్వు తిరిగిన దారుల చిట్టా, ఇచ్చిన అనుమతి వేరే చోట ఉంటుంది. చిట్టా చింపేస్తే అనుమతి పోదు కదా. పై జవాబులో చెప్పిన చోటికే వెళ్లి తీసేయాలి.

వాళ్లకేం లాభం అంటావా? నువ్వు ఆ బెదిరింపు నొక్కి, యాంటీవైరస్ కొన్నావంటే తీసుకొచ్చిన చెయ్యికి కమీషన్. కొనకపోయినా నొక్కినందుకు ప్రకటనల డబ్బు. లక్షల ఫోన్లకు పంపడానికి పెద్ద ఖర్చు లేదు, నూటికి ఒక్కరు నొక్కినా గిట్టుబాటే. గూగుల్ కూడా 2025 అక్టోబర్‌లో ఈ సంగతి చెబుతూ, క్రోమ్‌లో వచ్చే నోటిఫికేషన్లలో ఒక శాతం కన్నా తక్కువే జనం పట్టించుకుంటున్నారని ఒప్పుకుంది, ఎన్నాళ్లుగానో వెళ్లని సైట్ల అనుమతిని క్రోమ్ తనంతట తానే రద్దు చేసేలా మారుస్తున్నామంది. పదేళ్లు ఆలస్యమైందని నా అభిప్రాయం.

ప్రశ్న: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కుడివైపు కింద మూలన ఇవే వస్తున్నాయి. అన్నీ ఆపేస్తే ఆఫీసు మెయిల్, క్యాలెండర్ అలర్ట్‌లు కూడా పోతాయేమోనని టెన్షన్.
— ఒక అకౌంటెంట్, విశాఖపట్నం

జవాబు: అన్నీ ఆపనక్కర్లేదు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ మెయిల్ సైట్‌ని ఉంచి మిగతావి తీసేయండి, కొత్తవాళ్లు అడగకుండా పైన ఉన్న ఆప్షన్ మార్చండి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి ప్రైవసీ పేజీలో పర్మిషన్స్ కింద ఇదే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ 2020 జనవరి నుంచే, పేజీలో మనం ఏదైనా నొక్కితే తప్ప ఈ పెట్టె చూపించకుండా కట్టడి చేసింది, ఆ విషయంలో అది కాస్త మర్యాదస్తురాలు. ఆఫీసు ల్యాప్‌టాప్ కాబట్టి ఐటీ వాళ్లకి ఒక మాట చెప్పండి. ఏ సైట్‌లో నొక్కారో వాళ్లు అడగకపోతే మీరు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి తన పాత ఐఫోన్ పంపాడు. ఐఫోన్‌కి ఇలాంటివి రావంటారు గదా, నాకు రోజూ తెల్లవారుజామున 'మీ ఫోన్ హ్యాక్ అయింది' అని మోగుతోంది.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మీకు వచ్చేది బ్రౌజర్ నుంచి కాకపోవచ్చండి. ఐఫోన్‌లో సైట్లకు నోటిఫికేషన్ పంపే వీలు 2023 మార్చిలో 16.4 వెర్షన్‌తో వచ్చింది, అదీ ఆ సైట్‌ని మనం హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటేనే. అందుకని ఐఫోన్ వాళ్లని ఈ బాపతు జనం క్యాలెండర్‌లో పట్టుకుంటారు. ఎక్కడో ఓకే నొక్కగానే ఒక దొంగ క్యాలెండర్ మీ ఫోన్లో చేరుతుంది, అందులో రోజుకో 'మీటింగ్', ఆ మీటింగ్ పేరే 'ఫోన్ హ్యాక్ అయింది'. క్యాలెండర్ యాప్ తెరిచి, ఆ ఈవెంట్ మీద నొక్కి, అందులో ఉన్న లింకుల జోలికి పోకుండా అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. మొత్తం ఒకేసారి పోతాయి. అబ్బాయికి అర్ధరాత్రి ఫోన్ చేయక్కర్లేదు.

ప్రశ్న: నేను ఆ వైరస్ మెసేజ్ నమ్మి కార్డుతో 499 కట్టాను. మర్నాడు 9,000 కట్ అయ్యాయి. ఇంట్లో చెప్పలేదు.
— పేరు వద్దన్న పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఇది చదవగానే పుస్తకం పక్కన పెట్టి కార్డు బ్లాక్ చేయండమ్మా. బ్యాంకు యాప్‌లోంచి గానీ, కార్డు వెనక అచ్చువేసిన నంబర్‌కి ఫోన్ చేసి గానీ. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ ఇంకో దొంగ కూర్చుని ఉంటాడు. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ రాయొచ్చు. బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వివరాలు మనమే ఇచ్చేసినా సరే, బ్యాంకుకు చెప్పిన క్షణం తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అందుకే రేపు అనకండి. ఇంట్లో కూడా చెప్పేయండి, అదే ఫోన్ ఇంకొకరు వాడితే వాళ్లూ పడతారు.

ప్రశ్న: సైట్ సెట్టింగ్స్ మొత్తం ఖాళీ, అయినా ఫోన్ అన్‌లాక్ చేయగానే తెర నిండా యాడ్.
— ఒక ఆటో డ్రైవర్, అనంతపురం

జవాబు: తెర నిండా వస్తే అది సైట్ కాదన్నా, యాప్. టార్చ్ లైటో, ఫోన్ క్లీనరో, ఈ మధ్య వేసింది ఏదో ఉంటుంది. యాడ్ ఉండగానే ఇటీవలి యాప్‌ల బటన్ నొక్కితే దాని పేరు బయటపడొచ్చు. ఒకవేళ అది చీటీలాగా వచ్చి మాయమయ్యే రకమైతే, ఆండ్రాయిడ్ 11 నుంచి సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ అని ఉంది, దాన్ని ఆన్ చేసి ఒక రోజు ఆగు. ఏ యాప్ ఎన్ని గంటలకు పంపిందో వరుసగా కనపడుతుంది. పేరు దొరికితే అన్‌ఇన్‌స్టాల్, దొరకకపోతే గత నెలలో వేసినవన్నీ ఒక్కొక్కటే తీసి చూడు, ముందుగా ఆ క్లీనర్.