ఊసరవెల్లికి వెలుగు వేరు, వేడి వేరు

పెంపుడు జీవాల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఊసరవెల్లి లైట్ల గురించి అడిగినవే ఎక్కువ. అందుకే ఈ సంచికలో వాటికే చోటిచ్చాం.

ప్రశ్న: మా దగ్గర ఏడు నెలల మగ వెయిల్డ్ కమేలియన్ (యెమెన్ దేశపు ఊసరవెల్లి జాతి) ఉంది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న జాలీ పెట్టె. పైన 100 వాట్ల బల్బు, పక్కన మెలికల యూవీ (అతినీలలోహిత కిరణాల) బల్బు పెట్టినం. పొద్దందాక బల్బు కిందనే కూసుంటది. వారం నుంచి నెత్తి మీది కిరీటం కొస గోధుమ రంగుకు తిరిగింది. తిండి బాగానే తింటున్నది. లైట్లు ఎట్ల మార్చాలె?
(హనుమకొండ)

జవాబు: మిగతాది చదివే ముందు ఆ 100 వాట్ల బల్బు ఆపేయండి. మీరు చెప్పిన మచ్చ కాలిన గాయంలాగే ఉంది. ఎండలో కూర్చున్న ఊసరవెల్లికి ఒళ్లంతా ఒకే తీరుగా వేడెక్కుతుంది. బల్బు కింద అట్లా జరగదు. వేడంతా గిన్నె మూతంత జాగాలో పడుతుంది. ఒంట్లో ఇంకా వేడి చాలలేదని అది అక్కడి నుంచి కదలదు. ఈలోగా బల్బుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న కిరీటం మాడిపోతుంది. థర్మామీటర్ కొమ్మ మీద పెట్టి 30 డిగ్రీలే కదా అని ధైర్యపడతారు చాలామంది. పెద్ద మగదాని కిరీటం కొమ్మకు మూడు నాలుగు అంగుళాలు పైన ఉంటుంది. అక్కడి వేడి వేరు.

మచ్చ మీద పసుపు, కొబ్బరి నూనె రాయకండి. పొక్కు లేచినా, చెమ్మ కారినా, చర్మం నల్లబడి ఊడుతున్నా సరీసృపాలు చూసిన అనుభవం ఉన్న పశువైద్యుడికి చూపించాలి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది కాబట్టి అక్కడ వాకబు చేయండి.

ఇప్పుడు లైట్లు. వెలుగు, వేడి, యూవీ మూడూ ఒకే బల్బు నుంచి రాబట్టాలని చూడకండి. వేటికవి విడిగా ఉంటేనే ఒకటి ఆపి ఇంకొకటి నడపగలం. మన వాతావరణంలో ఈ వీలు లేకుండా ఊసరవెల్లిని పెంచలేం.

యూవీకి మీ మెలికల బల్బు పెద్ద జంతువుకు చాలదు. దాని కిరణాలు కొద్ది అంగుళాల మేరకే పనికొస్తాయి. రెండడుగుల టీ5 హెచ్‌ఓ ట్యూబు (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే రకం), 24 వాట్లు, 5 లేదా 6 శాతం యూవీబీ (ఎముకల బలానికి కావాల్సిన యూవీ కిరణాలు) రకం, వెనక మెరుపు రేకు ఉన్న ఫిట్టింగు తీసుకోండి. పెట్టె పైజాలీ మీద అడ్డంగా పెట్టండి. కొమ్మ మీద కూర్చున్నప్పుడు దాని వీపు ట్యూబుకు 20 నుంచి 23 సెంటీమీటర్ల కింద ఉండాలి. అక్కడ యూవీ సూచిక (కిరణాల బలం చెప్పే అంకె) 3 దగ్గర ఉంటే సరిగ్గా సరిపోతుంది. 12 శాతం ట్యూబు కొన్నట్టయితే ఈ దూరం చాలదు, కొమ్మను ఇంకా కిందికి దించాలి. పైన దోమల జాలీ బిగించి ఉంటే అది మూడో వంతు దాకా కిరణాలను ఆపేస్తుంది. పైకప్పుకు మాత్రం వెడల్పు కన్నుల జాలీ వేయించండి. ట్యూబు ఏడాదికోసారి మార్చాలి. కంటికి వెలుగు అట్లాగే కనిపిస్తుంది గానీ యూవీ తగ్గిపోయి ఉంటుంది. కొన్న రోజే ట్యూబు చివర తారీఖు రాసి పెట్టండి. విదేశం నుంచి తెప్పించే ఫిట్టింగు అయితే 230 వోల్టులకు పనికొస్తుందో లేదో చూసి ప్లగ్గు పెట్టండి. 110 వోల్టులదైతే ఒక్క క్షణంలో కాలిపోతుంది.

వేడికి 40 వాట్ల పాతరకం, లోపల తీగ వెలిగే పసుపు వెలుగు బల్బు చాలు. ఎల్‌ఈడీ వేడినివ్వదు. పుస్తకాల్లో, వీడియోల్లో 100 వాట్లు చెప్పేది గది 20 డిగ్రీలుండే చలిదేశాల లెక్క. మన గది ఉదయానికే 26 ఉంటే బల్బు పెంచాల్సింది నాలుగైదు డిగ్రీలే. పింగాణీ హోల్డర్ వాడండి, ప్లాస్టిక్‌ది వేడికి కరుగుతుంది. బల్బును జాలీ మీద ఆనించకుండా పైన వేలాడదీయండి, జాలీ పట్టుకుని తలకిందులుగా పాకే అలవాటు దానికి ఉంది. కొమ్మకు, బల్బుకు మధ్య అడుగు దూరం ఉంచి మొదలుపెట్టండి. వైరు చివర సెన్సర్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ తీసుకుని, ఆ సెన్సర్‌ను కొమ్మ మీద కాకుండా కిరీటం వచ్చే ఎత్తులో పుల్లకు కట్టండి. గంట తర్వాత చూడండి. మగదానికి 29 నుంచి 31 రావాలి. ఎక్కువైతే బల్బు పైకి లాగండి, లేదా డిమ్మర్‌తో తగ్గించండి. డిమ్మర్ ఈ బల్బుకే, ట్యూబుకు పెట్టొద్దు.

ట్యూబు టైమర్ మీద ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా. వేడి బల్బు ఉదయం రెండు మూడు గంటలు చాలు. మిగతాది దాన్ని చూసి నేర్చుకోవాలి. ఒళ్లు ముదురు రంగుకు తిప్పి, పక్కటెముకలు పలకలాగా పరిచి బల్బుకు చూపిస్తోందంటే చలిగా ఉంది. రంగు పాలిపోయి, నోరు తెరుచుకుని, పెట్టె అడుగుకు దిగిందంటే వేడి ఎక్కువైంది. పగలు కళ్లు మూసుకుని కూర్చుంటే మాత్రం లైట్లతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

ఆకుల నీడ లేని పెట్టెలో ఏ లైటూ మంచిది కాదు. కిరణాల నుంచి పక్కకు తప్పుకునే చోటు దానికి కావాలి. మందారం కుండీ పెట్టండి, ఆకులు తిన్నా హాని లేదు. గన్నేరు వద్దు, విషం.

ప్రశ్న: మాది డాబా మీది గది. మే నెలలో లోపలే 37 డిగ్రీలు ఉంటుంది. లైట్లన్నీ బంద్ చేయాలా? కరెంటు పోతే ఏం చేయాలి?
(మంచిర్యాల)

జవాబు: వేడి బల్బు ఆపండి, ట్యూబు ఆపకండి. గది 30 దాటితే బల్బుతో పని లేదు. అయితే 37 డిగ్రీల గదిలో బల్బు ఆపినంత మాత్రాన అది గట్టెక్కదు. స్లాబు పగలు పీల్చుకున్న వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతుంది. ఊసరవెల్లికి రాత్రి చల్లదనం తప్పనిసరి. పెట్టెను కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గదికి మార్చండి. కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి తడపండి. కూలర్ పెట్టొచ్చు గానీ గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టకూడదు. ఉదయం లైట్లు వేయకముందు, సాయంత్రం ఆర్పాక ఆకుల మీద నీళ్లు చిలకరించండి, ఫ్రిజ్ నీళ్లు వద్దు. వేడెక్కి ఉన్న బల్బు మీద చుక్క పడితే గాజు పగులుతుంది. పొగమంచు మెషీను చలికాలం రాత్రులకే వాడండి. ఉక్కపోతలో తేమ పెంచితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

కరెంటు రెండు మూడు గంటలు పోయినా నష్టం లేదు. ఇన్వర్టర్ మీద ముందు ఫ్యాను నడపండి.

ప్రశ్న: డిసెంబర్ రాత్రుల్లో ఎర్ర బల్బు వేయమని షాపు వాళ్లు అన్నారు. వేయాలా?
(నర్సంపేట)

జవాబు: వద్దు. ఎర్ర వెలుగు దానికి కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. యెమెన్ కొండల్లో రాత్రులు చల్లబడతాయి, ఆ చలి దానికి అలవాటే. ఆరోగ్యంగా ఉన్న పెద్దదానికి గదిలో 15 డిగ్రీలున్నా భయం లేదు. కిటికీ మూసి చలిగాలి తగలకుండా చూడండి చాలు. వేడిరాళ్లు, అడుగున పెట్టే హీటర్ ప్యాడ్లు కూడా వద్దు. అది వేడి కాచుకునేది పై నుంచే, కింద ఒళ్లు కాలుతున్నా లేవకపోవచ్చు.

ప్రశ్న: మా ఆడ ఊసరవెల్లికి మగది లేకుండానే 60 గుడ్లు వచ్చాయి. కిటికీ ఎండలోనే ఉంచుతాం. ఇది మంచిదేనా?
(కరీంనగర్)

జవాబు: గుడ్లు మగది లేకున్నా పెడుతుంది, పిల్లలు రావు. కానీ 60 అంటే దాని ఒంట్లో సున్నం (కాల్షియం) తోడేసినట్టే. తిండి, వేడి ఎక్కువైతే గుడ్ల లెక్క పెరుగుతుంది. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 27 డిగ్రీలు మించనీయకండి. పెద్దదానికి రోజు విడిచి రోజు నాలుగైదు పురుగులు చాలు. గుడ్లు పెట్టడానికి అడుగు లోతున్న తడి ఇసుక తొట్టి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చోటు దొరక్క గుడ్లు లోపలే ఆగిపోతే చనిపోతుంది.

కిటికీ ఎండలో వేడి ఉంటుంది, యూవీబీ ఉండదు. గాజు దాన్ని ఆపేస్తుంది. యూవీబీ లేకపోతే విటమిన్ డి3 తయారు కాదు, తిన్న సున్నం ఎముకకు పట్టదు. దవడ మెత్తబడటం, ముంజేతులు వంగడం, కొమ్మ పట్టు జారడం అప్పుడే మొదలవుతాయి. గుడ్లు పెట్టినదానికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ట్యూబు పెట్టండి, పురుగుల మీద ప్రతిసారీ కాల్షియం పొడి చల్లండి. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది లోపు అరగంట జాలీ పెట్టెలో బాల్కనీ ఎండ చూపించగలిగితే మరీ మంచిది. పెట్టెలో సగం నీడ ఉండాలి. కోతులు తిరిగే వీధైతే పక్కనే కూర్చోండి.

ప్రశ్న: పత్తి చేనులో ఊసరవెల్లి దొరికింది. పెంచుకుందామని తెచ్చినం. ఏ లైటు పెట్టాలి?
(ములుగు)

జవాబు: ఏ లైటూ పెట్టకండి, దొరికిన చోటే ఈ రోజే వదిలేయండి. మెడ ఎర్రబడే తొండను కూడా మన ఊళ్లలో ఊసరవెల్లి అంటారు. రెండు కళ్లు దేనికది తిప్పుతూ, పట్టుకారులాంటి వేళ్లతో కొమ్మను పట్టుకునేదే అసలు ఊసరవెల్లి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. గాయమై ఉంటే అటవీ శాఖ వాళ్లకు అప్పగించండి. వెయిల్డ్ కమేలియన్ లాంటి విదేశీ జాతికి కూడా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పదు. కొనేటప్పుడే కాగితాలు అడగండి.

మన ఊసరవెల్లికి విషం లేదు. ఊసరవెల్లి కనిపిస్తే రాళ్లు వేసే పిల్లలకు ఈ మాట చెప్పండి. రోడ్డు దాటుతూ కనిపిస్తే చేత్తో పట్టి లాగకండి, కర్రను ముందుకాళ్లకు అడ్డంగా పెట్టండి. దానంతట అదే ఎక్కుతుంది. ఎటు పోతోందో అటువైపు పొదలో కర్ర ఆనించి, దిగేదాకా ఆగండి.