ఆవమడిలోకి దిగబోతున్న అమ్మలుకు

పాలకొల్లు

చి.ల.సౌ. అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న మీ నాన్న ఫోను చేసి, నీకు పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పిహెచ్‌డి సీటు వచ్చిందనీ, తెల్లకుంకుమ తెగులును తట్టుకుంటూ నూనె నాణ్యత కూడా కలిగిన ఆవ వంగడం కోసం పనిచేయబోతున్నావనీ చెప్పాడు. చెబుతూనే, "వరి మీద చేసుకోవచ్చు కదన్నయ్యా, మారుటేరు వరి పరిశోధన కేంద్రం మనకు కూతవేటు దూరం" అని గొణిగాడు. నేను వాణ్ణి కసిరాను. ఫోను పెట్టేశాక మాత్రం ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. సంతోషం ఒక కారణం. రెండోది, మన ఇంట్లో ఆవమడిలో తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం, అక్కడ నేను చేసిన పొరపాటును ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోకపోవడం.

పుస్తకాల్లో ఉన్న సంగతులు నీకు నేను చెప్పనక్కరలేదు. మరునాడు విచ్చుకోబోయే మొగ్గలో కేసరాలు తీయడం, పుప్పొడి అద్దడం, సంచి కట్టడం, మంచుకు సిరా చెదురుతుంది కనుక ట్యాగు మీద పెన్సిలుతోనే రాయడం, ఇవన్నీ వారం రోజుల్లో చేతికి అలవాటవుతాయి. ఆవ చాలావరకు తన పుప్పొడితో తానే గింజ కట్టే మొక్కయినా తేనెటీగలు ఊరుకోవు. సంచి లేని కొమ్మ గింజను స్వచ్ఛమని నమ్మకు. వీటి మీద ఇంతకన్నా అక్షరాలు ఖర్చు చేయను.

ఇక నా పొరపాటు. 1978 రబీ అది. నాకు ఇరవయ్యారేళ్లు. ఉత్తరాదిన ఒక పరిశోధన క్షేత్రంలో చేరి రెండేళ్లయింది. నాలుగో తరానికి వచ్చిన వంద పైచిలుకు కుటుంబాలను, అంటే ఒక్కో మొక్క నుంచి విడిగా పెంచుకొచ్చిన సంతానాలను, నాకు అప్పగించారు. మూలనున్న మడి ముందుగా ఖాళీ కావడంతో సగం కుటుంబాలను అక్టోబరు మొదటి వారంలోనే అందులో విత్తాను. మిగిలిన సగం, నీళ్ల వంతు ఆలస్యమై, నవంబరు నడిమికి గాని పడలేదు. తెగులుకు సులువుగా లొంగిపోయే రకాన్ని మధ్యమధ్య సాళ్లుగా వేయమని మా క్షేత్రం పెద్దాయన మరీమరీ చెప్పారు. ఎలాగూ చచ్చే మొక్కలకు చోటు దండగ ఎందుకని, ఆ సాళ్లలో కూడా నా కుటుంబాలనే మరికొన్నింటిని ఇరికించాను. అప్పట్లో అది నాకు తెలివిగానే తోచింది.

జనవరిలో చూస్తే నవంబరు మడిలో ఆకుల అడుగున సున్నం చిలకరించినట్టు తెల్లని బొబ్బలు. మూల మడి మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. అందులో కాపు బాగున్న పదకొండు కుటుంబాలను ఎంచి, రిజిస్టరులో ఒక్కొక్కదాని ఎదుట ఎర్ర సిరాతో 'నిరోధకం' అని రాశాను. తెల్లకుంకుమకు చల్లదనం కావాలి, దానితోపాటు ఆకు మీద తడి నిలవాలి. ఆ రెండూ కలిసి వచ్చే రోజులకు నా మూల మడి పూత దాటి కాయ పట్టేసింది. అంటే దొంగ వచ్చే వేళకు ఆ ఇంట్లో ఎవరూ లేరు, అంతే. తలుపు గట్టిదో కాదో ఎవరికీ తెలియలేదు. పక్కన లొంగిపోయే రకం ఒక్క సాలు ఉన్నా, అదీ శుభ్రంగా కనిపించి నా కళ్లు తెరిపించేది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ పదకొండింటిలో ఒకదాని గింజలు రెండు కిలోలు, పెద్దాయనకు చెప్పకుండా, దగ్గరి ఊళ్లో ఒక ముసలి రైతుకు ఇచ్చి, తెగులు భయం లేదు వేసుకోమన్నాను. ఆయన ఖరీఫ్ పంట కోత ఆలస్యమై నవంబరు చివర విత్తుకున్నాడు. ఆ ఏడు జనవరి అంతా పొగమంచే. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన మా ఆఫీసుకు వచ్చి, భుజం మీది తువ్వాలు విప్పి, నా బల్ల మీద ఒక కొమ్మ పెట్టాడు. పూగుత్తి మొత్తం ఉబ్బి, మెలికలు తిరిగి, దుప్పి కొమ్ములా ఉంది. గింజ అన్నది లేదు. "బాబూ, ఇదేం పువ్వు?" అని అడిగాడు. ఎగతాళికి కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నన్ను తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

ఆ మరుసటి ఏడు లొంగిపోయే సాళ్ల మధ్య ఆ పదకొండింటినీ ఆలస్యంగా విత్తి చూశాను. పదకొండూ పడిపోయాయి. అప్పుడు గుర్తొచ్చాయి, నవంబరు మడిలో అరకొరగా తెగులు సోకినా నిలబడి గింజ కట్టిన ఏడెనిమిది కుటుంబాలు. తెగులు మధ్యలో నిలబడ్డవి అవే, నేను వెతకవలసినవీ అవే. కానీ వాటిని నేను ఎప్పుడో రిజిస్టరులోంచి కొట్టేసి, గింజలు మెస్ వంటవాడికి ఇచ్చేశాను. ఆ నెలంతా మేము తిన్న పప్పులో పోపు అదే. ఇప్పటికీ వంటింట్లో మీ పెద్దమ్మ పోపు వేసినప్పుడు ఆవాలు చిటపటమంటే నాకు ఆ ఏడెనిమిది సంచులే కళ్ల ముందు మెదులుతాయి. ఇన్నేళ్లూ ఈ మాట ఆమెకు కూడా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

అందువల్ల నీకు నా ఆజ్ఞ అనుకో, బతిమాలుకోవడం అనుకో: కళ్లారా తెగులు మధ్యలో నిలబడి చూడనిదే ఏ మొక్క ఎదుటా 'నిరోధకం' అని రాయకు. కొన్ని సాళ్లకొకసారి వరుణ లాంటి లొంగే రకాన్ని వేయి. ఒక మడిని ఆలస్యంగా విత్తు. తెగులు దానంతటది రాకపోతే ఆ తెగులు బీజాలు నీళ్లలో కలిపి సాయంత్రం పూట నువ్వే చల్లు. ఆకు మీది తెగులుకు ఒక మార్కు, పూగుత్తి మీది తెగులుకు వేరొక మార్కు వేసుకో, ఎందుకంటే ఆకు మీద కొద్దిపాటి బొబ్బలతో సరిపెట్టిన మొక్కకూ చివర దుప్పి కొమ్ము రావచ్చు. ప్రతి కుటుంబం నుంచి ఒక పిడికెడు పాత విత్తనం మిగిల్చి, చీటీ పెట్టి, చల్లని చోట దాచు. వంటవాళ్లు ఎంత మంచివాళ్లయినా వాళ్లకు ఇవ్వకు.

నా రోజుల్లో లేని వసతి నీకు ఉంది. డాన్‌స్కాయా-4 అనే తూర్పు యూరప్ ఆవ రకంలో తెల్లకుంకుమను ఆపే జన్యువును గుర్తించారు. మొక్కలో ఆ జన్యువు ఉందో లేదో పట్టిచ్చే డీఎన్ఏ గుర్తుల (మార్కర్ల) సాయంతో దాన్ని మన రకంలోకి దింపి, మళ్లీమళ్లీ మన రకంతోనే కలుపుతూ పోతే, ఆ విదేశీ మొక్క వెంట వచ్చే, ఆలస్యంగా కోతకు రావడం వంటి అవలక్షణాలు రాలిపోతాయి. ఇది మన డెల్టా మనుషులకు కొత్త మాట కాదు. వశిష్ఠ, మషూరి వరి రకాలను కలిపి 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే మన ఏడువేల ఇరవైతొమ్మిది, ఇంకా మన చేలలో ఉంది కదా. ఆ స్వర్ణలోకే ఒడిశా దేశవాళీ ఎఫ్ఆర్13ఎ నుంచి ముంపును తట్టుకునే జన్యువును ఈ దారిలోనే దింపి, 2009లో స్వర్ణ-సబ్1గా ఇచ్చారు. నువ్వు చేయబోయేదీ ఆ కోవలోదే.

అయితే ఒక్క జన్యువు చేతిలో పడగానే పని అయిపోయిందనుకోవడం నాకు భయం. వరిలో సుడిదోమ పోటుకు చేలకు చేలు చక్రాలు చక్రాలుగా ఎండిపోవడం మీ తాతగారి కాలం నుంచి ఈ డెల్టా చూస్తూనే ఉంది. దోమను తట్టుకుంటుందని 1973లో విడుదల చేసిన ఐఆర్26, దోమ తీరు మార్చుకోవడంతో కొద్ది ఏళ్లకే చేతులెత్తేసింది. ఆవకు చుట్టమైన, నూనె కోసం పండించే కనోలాలోనూ అదే జరిగింది. నల్లకాడ తెగులుకు ఎదురులేదని ఆస్ట్రేలియాలో 2000 ప్రాంతంలో ఇచ్చిన సర్పాస్ 400 రకంలో 2003కల్లా ఆ తెగులు వచ్చి కూర్చుంది. కెనడాలో 2009లో ఇచ్చిన క్లబ్‌రూట్ (వేళ్లు ఉబ్బే తెగులు) నిరోధక కనోలాను 2013కల్లా ఆ తెగులులోని కొత్త తెగలు గెలిచాయి. కనుక రెండో జన్యువును, వీలైతే మూడోదాన్నీ, మొదటి రోజు నుంచే వెతుకు. హీరా, బయో-వైఎస్ఆర్ వంటి నిరోధక ఆవ రకాలను కూడా చూడు. ఆల్టర్నేరియా మచ్చ తెగులును కూడా ఇదే థీసిస్‌లో తేల్చేస్తానని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకు. ఆవలో దానికి గట్టి నిరోధం దొరకలేదు, తెల్ల ఆవ వంటి దూరపు బంధువుల దగ్గరికి వెళ్లాలి, ఆ సంబంధాలు కుదరడానికి ఒక జీవితం పడుతుంది.

నాణ్యత సంగతికి వస్తాను. కనోలా అన్నది ఒక మొక్క పేరని మీ నాన్న అనుకుంటున్నాడు. అది ఒక హద్దు పేరు. నూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం 2 శాతానికి లోపు, నూనె తీసిన పిండిలో గ్రాముకు గ్లూకోసినోలేట్లు అనే ఘాటు పదార్థాలు 30 మైక్రోమోల్స్‌కు లోపు ఉండాలి. ఆ రెండూ తగ్గిన మొదటి రకం టవర్, 1974లో కెనడాలో వచ్చింది. మన ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లమే దాదాపు సగం ఉంటుంది. మన ఆవలో ఆ రెండు హద్దులూ అందుకున్న పూసా మస్టర్డ్ 31 రావడానికి 2016 దాకా పట్టింది.

ఇక్కడ కొత్తవాళ్లు జారిపడే చోటు ఒకటుంది, జాగ్రత్తగా విను. ఎరూసిక్ ఆమ్లం ఎంత ఉండాలో గింజలోని పిల్ల మొక్కే నిర్ణయిస్తుంది. అందుచేత ఒకే కొమ్మ మీది గింజలు వేరువేరుగా ఉంటాయి. ముఖ్యంగా రెండు చోట్ల జన్యువులే నడిపించే గుణం కనుక మన రకాన్ని ఎరూసిక్ లేని రకంతో కలిపితే రెండో తరంలో పదహారింటికి ఒకటి చొప్పున ఎరూసిక్ లేని సున్నా గింజ దొరుకుతుంది. 1963లో డౌనీ, హార్వే అనే శాస్త్రవేత్తలు చూపిన పద్ధతిలో ఆ గింజలో ఒక బీజదళాన్ని తీసి పరీక్షకు పంపి, మిగిలిన సగాన్ని మొలకెత్తించుకోవచ్చు. గ్లూకోసినోలేట్ల తీరు అది కాదు. వాటిని తల్లి తయారు చేసి గింజకు పంపుతుంది. గింజను పరీక్షిస్తే నీకు తెలిసేది తల్లి గుణమే తప్ప ఆ గింజ గుణం కాదు. రెండో తరం మొక్క ఎలాంటిదో తెలియాలంటే అది కాసిన గింజ చేతికి వచ్చేదాకా ఆగాలి. తొందరపడి మొదటి తరం మొక్క గింజలను పరీక్షించి, ఎక్కువ ఉన్నాయని అన్నీ పారేసినవాళ్లను నేను చూశాను.

ఇంతకీ ఆ గ్లూకోసినోలేట్లే మన ఘాటు. రుబ్బి నీళ్లు తగలగానే గింజలోని మైరోసినేజ్ అనే ఎంజైము వాటిని విడగొడుతుంది, అప్పుడే ముక్కు అదిరే ఆ గుణం పుడుతుంది. తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాలవాళ్లకు ఆ ఘాటు అక్కరలేదు, ఆవ చెక్క ఎక్కువైతే కోడి మేత మానుకుంటుంది, దాని థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. మనింట్లో పనసపొట్టు కూరకు ఆవ పెట్టాలన్నా, వేసవిలో ఆవకాయ కలపాలన్నా ఆ ఘాటు లేనిదే జరగదు. కోడికి మంచి గింజ మీ పెద్దమ్మకు పనికిరాదు; ఆమె రెండు పూటలా వంట మానేస్తుంది. పైగా ఆకులోని ఘాటు మొక్కకు పురుగుల నుంచి కాపలా. గింజకు చేరవేసే దారినే మూసేసి, ఆకులో ఘాటును ఉంచి గింజలో తగ్గించిన ఆవ మొక్కలను జన్యు సవరణతో మన దేశంలోనే చేశారు. ఆ పని చదువు. నీ థీసిస్‌లో ఏ గింజ ఎవరి కోసమో మొదటి పేజీలోనే రాసుకో.

చలి విషయంలో నిన్ను నమ్మను. మన ఊళ్లో జనవరిలో శాలువా చాలు. అక్కడ హిమాలయాల అడుగున తరాయి పొగమంచులో పదడుగుల దూరం మనిషి కనిపించడు. తెల్లవారుజామునే సైకిలు తీసి మడికి బయలుదేరకు, తెగులు మచ్చలు తొమ్మిది గంటలకు కూడా అక్కడే ఉంటాయి. ఉన్ని మేజోళ్లు రెండు జతలు కొని పంపమని మీ అమ్మకు చెప్పాను.

చివరి మాట, ఇది మీ నాన్నకు నేనే నచ్చజెబుతాను. ఆవ పూతా తెగులూ ముదిరే రోజులూ మన సంక్రాంతీ ఒకేసారి వస్తాయి. నువ్వు రాకపోతే ఇంట్లో పండగ పండగలా ఉండదని నాకు తెలుసు, నేనూ ఆరేళ్లు రాలేదు, మా అమ్మ ఆరేళ్లూ ఏడ్చింది. అయినా ఆ పది రోజులు మడి వదలకు. నీ కోసం ఆత్రేయపురం పూతరేకులు పంపుదామని మీ పెద్దమ్మ అంటోంది కాని, ఆ మంచులో అవి మెత్తబడి అతుక్కుపోతాయి కనుక అరిసెలే చేయిస్తున్నాను. హాస్టలు చిరునామా పిన్‌కోడుతో సహా రాసి పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న